పార్టీ మారని ఓటరు

పార్టీలు మారే నాయకుల గురించి పత్రికలు రాస్తాయి, టీవీలు చర్చిస్తాయి, న్యాయస్థానాలు విచారిస్తాయి. పార్టీ మారని ఓటరు గురించి మాత్రం ఎక్కడా నాలుగు ముక్కలు దొరకవు. తెలుగు రాష్ట్రాల్లో ఇతను లేని ఊరుండదు. సర్వేలు చేసేవాళ్లు ఇతని తలుపు తట్టి లాభం లేదని తెలిసి పక్కింటికి పోతారు. ప్రచారానికి వచ్చిన అభ్యర్థి కూడా ఇతని గడప దగ్గర ఆగడు. సొంత పార్టీ వాడైతే "ఇది మన ఇల్లే" అని, ఎదుటి పార్టీ వాడైతే "అది వాళ్ల ఇల్లు" అని దాటిపోతాడు. ఎవరూ అడగకుండానే ప్రతిసారీ ఉదయం ఏడు గంటలకే వరసలో నిలబడి ఓటేసి వచ్చేవాడు ఇతనొక్కడే.

ఈ విధేయత ఎలా పుడుతుందన్న దానికి రాజనీతి శాస్త్రం సిద్ధాంతమనీ, ప్రయోజనమనీ, ప్రచారమనీ కారణాలు చెబుతుంది. గుంటూరు, కడప, నల్గొండ జిల్లాల్లో ఇవన్నీ తర్వాత వచ్చేవే. ముందు వచ్చేది తాత. తాత కాడెద్దులకు వేశాడు కాబట్టి మనవడు హస్తానికి వేస్తాడు. ఇంకో ఇంట్లో తాత కంకి కొడవలి జెండా మోసి జైలుకు వెళ్లాడు కాబట్టి, అమెరికాలో స్థిరపడి రెండిళ్లు అద్దెకిచ్చుకుంటున్న మునిమనవడు కూడా మేడే నాడు వాట్సాప్‌లో ఎర్రజెండా పెడతాడు. తాత వల్ల కాని చోట ఆ పని గట్టు తగాదా చేస్తుంది. పక్క పొలం వాడు ఏ పార్టీయో చూసుకుని దానికి ఎదురు పార్టీలో చేరడం పల్లెల్లో చాలా కాలంగా ఉన్న పద్ధతి. మేనిఫెస్టో ఇద్దరూ చదివి ఉండరు. ఇద్దరూ గట్టు మాత్రం కొలిచి ఉంటారు. కులం సంగతి అందరికీ తెలుసు, అడిగితే అందరూ కాదంటారు కాబట్టి దాన్ని ఇక్కడ పొడిగించనక్కర్లేదు. 1982 తర్వాత సినిమా కూడా వీటితో చేరింది. మొదటి రోజు మొదటి ఆటకు చొక్కా చించుకున్నవాడు, ఆ చొక్కా ఎందుకు చిరిగిందో పిల్లలకు చెప్పుకోవడానికైనా ఆ హీరో పార్టీకే ఓటేయవలసి వస్తుంది.

విధేయుడి నమ్మకం ముందు గుర్తు మీద ఉంటుంది, తర్వాత నాయకుడి మీద, ఇంకా ఏమైనా మిగిలితే సిద్ధాంతం మీద. గుర్తుల పద్ధతి 1951–52 తొలి సార్వత్రిక ఎన్నికలతోనే వచ్చింది. చదువురాని కోట్లాదిమందికి అభ్యర్థి పేరుకు బదులు బొమ్మ చూపించాలన్నది ఉద్దేశం. ఆ బొమ్మ ఒకసారి మనసులో పడితే మళ్లీ తుడిచెయ్యడం కుదరదని అప్పట్లో ఎవరూ ఊహించినట్టు లేదు. కాంగ్రెసుకు మొదట కాడెద్దులు. 1969లో పార్టీ చీలినప్పుడు ఆ ఎద్దులు ఎవరికీ దక్కలేదు, ఇందిరాగాంధీ పక్షానికి ఆవుదూడ వచ్చింది. 1978లో పార్టీ మళ్లీ చీలింది. ఈసారి ఆవుదూడ కూడా ఆమెకు మిగల్లేదు, హస్తం తీసుకోవలసి వచ్చింది. ఆమెను పార్టీ నుంచి వెళ్లగొట్టిన కాంగ్రెసు అధ్యక్షుడు కాసు బ్రహ్మానందరెడ్డి తెలుగువాడు, పైగా రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసినవాడు. అసలు కాంగ్రెసు ఏదో ఢిల్లీలో లాయర్లు తేల్చుకునేలోపే ఆంధ్రప్రదేశ్ ఓటరు తేల్చేసి, కొత్త గుర్తుకు తొలి విజయాల్లో ఒకటి ఇక్కడే ఇచ్చాడు. తొమ్మిదేళ్లలో పార్టీ రెండుసార్లు చీలి రెండు గుర్తులు పోగొట్టుకుంది. ఓటరు ఎద్దుల నుంచి ఆవుకు, ఆవు నుంచి చేతికి ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా నడిచొచ్చాడు. అంతకు ఏడాది ముందు, అత్యవసర పరిస్థితి తర్వాత ఉత్తరాది అంతా కాంగ్రెసును ఊడ్చేసినప్పుడు కూడా, ఇక్కడ 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఆ పార్టీకే వచ్చాయి.

మిగిలిన ఆ ఒక్కటీ నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది నీలం సంజీవరెడ్డి. పార్టీ విధేయత ఎంత సాగగలదో తెలుసుకోవాలంటే ఆయన సంగతే చూడాలి. 1969లో ఆయన రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు అధికారిక అభ్యర్థి. ఎదురుగా స్వతంత్రుడిగా నిలబడింది మరో తెలుగువాడు వి.వి. గిరి. కాంగ్రెసు ప్రధానమంత్రి ఇందిరాగాంధీ సభ్యులను అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. అంతరాత్మ గిరిగారికి ఓటేసింది. పార్టీలో ఉంటూ పార్టీ అభ్యర్థిని ఓడించడం క్రమశిక్షణ తప్పడమా, మనస్సాక్షి మాట వినడమా అన్న ప్రశ్న, ఎవరు గెలిచారన్నదాన్ని బట్టి తీరిపోయింది. 1977లో అదే సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎనిమిదేళ్ల కిందట ఆయన్ని ఓడించిన అంతరాత్మలు ఈసారి మాట్లాడలేదు.

రాజీలు అంతకుముందు లేవని కాదు. టంగుటూరి ప్రకాశం కాంగ్రెసులో పుట్టి పెరిగి, దాన్ని వదిలి, 1952లో మద్రాసులో కమ్యూనిస్టులు కూడా ఉన్న ప్రతిపక్ష కూటమికి నాయకత్వం వహించి, 1953 అక్టోబరు 1న కాంగ్రెసు మద్దతుతోనే ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. మరుసటి ఏడాది ఆ ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అయినా ఆయన్ని పార్టీ ఫిరాయించినవాడని ఎవరూ అనలేదు, ఆంధ్రకేసరి అన్నారు. కొందరు పార్టీ మారితే పార్టీయే మారినట్టు లెక్క.

తెలంగాణ ఓటరు రాజీ చేదును ఇంకా గాఢంగా చూశాడు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి అక్కడి 14 స్థానాల్లో 10 గెలిచింది. ప్రత్యేక రాష్ట్రం కోసం, ఆ ఉద్యమంలో కాల్పులకు పోయిన పిల్లలను తలుచుకుని వేసిన ఓట్లవి. అదే ఏడాది ఆ పార్టీ కాంగ్రెసులో కలిసిపోయింది. దాని నాయకుడు మర్రి చెన్నారెడ్డి 1978లో ముఖ్యమంత్రి కూడా అయ్యారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు. ఓటేసినవాళ్లు 2014 దాకా ఆగారు.

తెలుగుదేశం రాకతో విధేయతకు రెండో ఇల్లు ఏర్పడింది. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు పార్టీ పెట్టారు, పది నెలలు తిరగకముందే ముఖ్యమంత్రి అయ్యారు. కాంగ్రెసును వ్యతిరేకించడమే ఆ ఇంటికి పునాది. అప్పటిదాకా ఊళ్లో ఉన్నవి రెండు కాంగ్రెసు ముఠాలు. ఒకడు కాంగ్రెసు, రెండోవాడు ఆ కాంగ్రెసు వాడంటే పడని కాంగ్రెసు. రెండో ముఠా రాత్రికి రాత్రి పసుపుపచ్చ జెండా కట్టింది. గట్టు తగాదాలకు చక్కటి పేర్లు దొరికాయి.

1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి కావడం, నెల తిరిగేసరికి రామారావు మళ్లీ ఆ కుర్చీలో కూర్చోవడం తెలిసిన కథే. ఆ నెలంతా ఊళ్లలో ఓటర్లు రోడ్ల మీద ఉన్నారు, ఎమ్మెల్యేలు మాత్రం శిబిరంలో ఉన్నారు. హైదరాబాద్‌లో రామకృష్ణా స్టూడియోలో కొన్నాళ్లు, కర్ణాటకలో కొన్నాళ్లు. ఓటరు విధేయతకు కాపలా అక్కర్లేదనీ, శాసనసభ్యుడి విధేయతకు బస్సూ హోటలూ ప్రహరీగోడా కావాలనీ తెలుగువాళ్లకు అప్పుడు తెలిసింది. పదకొండేళ్ల తర్వాత శిబిరం మళ్లీ వెలిసింది, ఈసారి హైదరాబాద్ వైస్రాయ్ హోటల్లో. 1995 సెప్టెంబరు 1న మామగారి స్థానంలో అల్లుడు నారా చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1984లో ఓటరుకు పని సులువు, అన్యాయం ఎటువైపో కనబడుతూనే ఉంది. 1995లో రెండువైపులా తనవాళ్లే. గోడ మీద కృష్ణుడి వేషంలో ఉన్న ఫోటో తియ్యడానికి చెయ్యి రాదు. పక్కన కొత్త ఫోటో పెట్టకుండా కుదరదు. చాలా ఇళ్లలో రెండూ పక్కపక్కనే ఉండిపోయాయి. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికలు వచ్చినప్పుడు రెండు తెలుగుదేశాలు నిలబడ్డాయి. సైకిలు ఎటుంటే ఓటరు అటే ఉన్నాడు. ఆ పక్షానికి 16 స్థానాలు వచ్చాయి, రెండోదానికి ఒక్కటీ రాలేదు.

ఇంతవరకూ వచ్చినవి ఇంటి గొడవలు. ఓటరు ప్రాణం నిజంగా తీసేవి పొత్తులు. ఒక్క తెలుగుదేశం ఓటరు పడ్డ అవస్థ చూస్తే మిగతావాళ్లది ఊహించుకోవచ్చు. 1989లో రామారావు అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వాన్ని ఒక పక్కనుంచి బీజేపీ, ఇంకో పక్కనుంచి వామపక్షాలు మోశాయి. 1991లో పి.వి. నరసింహారావు ప్రధాని హోదాలో నంద్యాల ఉప ఎన్నికకు వస్తే, ఆయన తెలుగువాడు కాబట్టి తెలుగుదేశం పోటీ పెట్టలేదు. తెలుగువారి ఆత్మగౌరవం కోసం కాంగ్రెసు మీద పుట్టిన పార్టీ, అదే ఆత్మగౌరవం కోసం కాంగ్రెసును గెలవనిచ్చింది. ఆధిక్యం అయిదు లక్షల పైచిలుకు. తర్వాత యునైటెడ్ ఫ్రంట్‌కు చంద్రబాబు కన్వీనరు, ఆ ప్రభుత్వానికి బయటినుంచి మద్దతు కాంగ్రెసుది. 1998లో వాజ్‌పేయికి మద్దతు. 1999లోనూ 2004లోనూ బీజేపీతో పొత్తు. 2009లో అప్పటి టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎంలతో మహాకూటమి. 2014లో మళ్లీ బీజేపీ. 2018 మార్చిలో ఆ కూటమి నుంచి బయటికి, డిసెంబరు నాటికి తెలంగాణలో సాక్షాత్తూ కాంగ్రెసుతోనే కూటమి. 2024లో మళ్లీ బీజేపీ, కూడా జనసేన. ఈ వరస తప్పకుండా ఒప్పజెప్పగలిగిన కార్యకర్తకు పార్టీ ఏదైనా బహుమతి పెట్టవచ్చు.

మిగతా పార్టీల జాతకాలూ ఇంతే. టీఆర్ఎస్ 2004లో కాంగ్రెసుతో వెళ్లి, 2009లో కాంగ్రెసును ఓడించేందుకు తెలుగుదేశంతో వెళ్లింది. సీపీఐ 1994లో తెలుగుదేశంతో, 2004లో కాంగ్రెసుతో, 2009లో తెలుగుదేశంతో, 2022 మునుగోడు ఉప ఎన్నికలో టీఆర్ఎస్‌తో, 2023లో మళ్లీ కాంగ్రెసుతో నిలబడింది. ప్రతిసారీ కారణం తీర్మానంలో స్పష్టంగా ఉంటుంది, కాకపోతే తీర్మానం పొడుగు. కమ్యూనిస్టు ఓటరు గొప్పదనం ఏమిటంటే, అతను ఆ తీర్మానం నిజంగా చదువుతాడు. పొత్తుల జోలికి పోని వైఎస్సార్ కాంగ్రెసు ఓటరుకు ఈ బాధ తక్కువ. అయితే 2017, 2022 రాష్ట్రపతి ఎన్నికల్లో ఆ పార్టీ ఎన్డీయే అభ్యర్థులకే మద్దతిచ్చింది కాబట్టి, ఢిల్లీ వార్తలు వచ్చే వేళకు ఛానల్ మార్చే అవసరం అతనికీ పడింది.

పొత్తు కుదిరిన రాత్రి నాయకులు శాలువాలు కప్పుకుని ఫోటోలు దిగుతారు. ఆ తర్వాతి పనిని ఓటు బదిలీ అంటారు. ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి డబ్బు పంపినట్టు అది క్షణంలో అయిపోతుందని పార్టీ ఆఫీసుల్లో నమ్ముతారు. ఊళ్లో దానికి కనీసం వారం పడుతుంది. పొత్తు ప్రకటన వచ్చిన సాయంత్రం విధేయుడు టీ కొట్టు దగ్గర కనబడడు, ఒంట్లో నలతగా ఉందని కబురొస్తుంది. మర్నాడు వస్తాడు గానీ రాజకీయం ఎత్తడు, ఈ ఏడు వానలు ఎలా ఉంటాయో మాట్లాడతాడు. ఆ రాత్రి ఏదో ఛానల్లో ఓ విశ్లేషకుడు "చారిత్రక అవసరం" అన్న మాట వాడతాడు. మూడో రోజు ఆ మాట టీ కొట్టులో వినబడుతుంది, ఇంకా కొంచెం మొహమాటంగానే. అయిదో రోజుకు మొహమాటం పోతుంది. వారం తిరిగేసరికి, అసలు ఈ పొత్తు పెట్టుకోవాలని తను రెండేళ్ల కిందటే అన్నానంటాడు. అక్కడున్నవాళ్లెవరూ కాదనరు. వచ్చే ఎన్నికల్లో ఆ మాట అనే వంతు వాళ్లలో సగం మందిది.

మాట కుదిరినంత త్వరగా మనుషులు కుదరరు. పదిహేనేళ్లుగా పలకరింపుల్లేని రెండు ఇళ్లవాళ్లు ఒకే బండికి రెండు జెండాలు కట్టుకుని తిరగవలసి వస్తుంది. ఏ జెండా ముందుండాలన్నది మొదటి పేచీ. ఫ్లెక్సీ మీద ఎవరి నాయకుడి బొమ్మ ఎంత ఉండాలన్నది రెండోది. దీన్ని ఫ్లెక్సీ వేసేవాడు అందరి బొమ్మలూ చిన్నవి చేసి, డబ్బులిచ్చినవాడి బొమ్మ పెద్దది చేసి పరిష్కరిస్తాడు. సభలో ఒకరి జిందాబాద్‌కు రెండోవాళ్లు పలకాలా, ఊరుకోవాలా అన్నది ఇప్పటికీ తేలలేదు. చప్పట్లు కొట్టి సరిపెట్టుకుంటున్నారు.

చివరి చిక్కు యంత్రం దగ్గర వస్తుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు కూటమి పంచుకున్న లెక్కలో తెలుగుదేశానికి 144, జనసేనకు 21, బీజేపీకి 10. అంటే 31 నియోజకవర్గాల్లో శాసనసభ యంత్రం మీద సైకిలు లేదు. నలభై ఏళ్లుగా సైకిలుకు అలవాటుపడిన వేలిని గ్లాసు మీదకో కమలం మీదకో తీసుకెళ్లడానికి కార్యకర్తలు నమూనా బ్యాలెట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. దీనికి తోడు జనసేన పోటీలో లేని కొన్నిచోట్ల గాజు గ్లాసు స్వతంత్రులకు దక్కింది. అక్కడ జనసేన అభిమాని గ్లాసు చూసి కూడా దాన్ని ముట్టుకోకూడదు. సంగతి హైకోర్టు దాకా వెళ్లింది. తెలంగాణలో టీఆర్ఎస్ కారు గుర్తు ఓటర్లది ఇంకో తలనొప్పి. యంత్రం మీద రోడ్డురోలరు కనబడితే, చూపు ఆననివాళ్లు అదే కారనుకుని నొక్కుతున్నారని పార్టీ చాలాకాలంగా మొత్తుకుంటోంది. మునుగోడు ఉప ఎన్నికలో రిటర్నింగ్ అధికారి ఆ గుర్తును మారిస్తే ఎన్నికల సంఘం కలగజేసుకుని మళ్లీ ఇప్పించింది. గుర్తుంటే చాలు, మనిషి అక్కర్లేదన్న విధేయతకు ఇంతకన్నా సాక్ష్యం ఉండదు.

ఇన్ని తిప్పలు పడినా ఫలితం చూస్తే ఓటరు చెప్పినమాట విన్నట్టే ఉంది. జనసేన నిలబడ్డ 21 చోట్లా గెలిచింది, కూటమికి 175లో 164 వచ్చాయి. అయిదేళ్ల ముందు 151 గెలిచిన వైఎస్సార్ కాంగ్రెసుకు 11 మిగిలాయి. ఊళ్లో పార్టీ మారనివాళ్లే ఎక్కువైతే ఇంత తేడా ఎలా వచ్చిందన్న అనుమానం సహజం. ప్రభుత్వాలను మార్చేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లను తటస్థులంటారు. ఓట్ల శాతాల్లో తేడా, స్థానాల్లో తేడా అంత ఎప్పుడూ ఉండదు. ఓడిన పార్టీకి ఎప్పటిలాగే వేసిన లక్షలమంది విధేయులు 11 అన్న అంకె వెనక కనబడరు. ఉమ్మడి రాష్ట్రాన్ని దశాబ్దాలు ఏలిన కాంగ్రెసుకు ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 2014, 2019, 2024ల్లో వరసగా సున్నా వచ్చింది. అయినా అక్కడ ప్రతిసారీ ఎవరో కొందరు ఆ హస్తం మీద వేలు పెట్టి వస్తూనే ఉన్నారు. అసలు సిసలు విధేయులెవరో వెతకాలంటే వెళ్లవలసింది వాళ్ల దగ్గరికే. వాళ్లకు టికెట్ల ఆశ లేదు, కాంట్రాక్టుల ఆశ లేదు. పోటీలో నిలబడే అభ్యర్థి కూడా ఒక్కోసారి వాళ్లంత గట్టిగా ఉండడు.

ఇక నాయకుడే వెళ్లిపోయినప్పుడు ఏమవుతుందన్నది. 1967లో హర్యానాలో గయాలాల్ అనే శాసనసభ్యుడు పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాక దేశానికి ఆయారామ్ గయారామ్‌లు తెలిశారు. తెలుగు పత్రికలకు జంప్ జిలానీలు ఆ తర్వాత దొరికారు. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. పార్టీలో మూడోవంతు కలిసి వెళితే దాన్ని చీలికగా ఒప్పుకునేవారు. 2003 సవరణతో ఆ వెసులుబాటు తీసేసి, మూడింట రెండువంతుల విలీనాన్ని మాత్రం ఉంచారు. ఒక్కడు వెళితే తప్పు, గుంపుగా వెళితే ఒప్పు అన్న సూత్రం దేశంలో ఇంకే నేరానికీ లేదు.

అమలులో ఇదెలా ఉందంటే, 2014–19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెసు ఎమ్మెల్యేలు 23 మంది తెలుగుదేశంలోకి వచ్చారు, వాళ్లలో నలుగురు మంత్రులూ అయ్యారు. 2019లో తెలుగుదేశానికి వచ్చిన స్థానాలు 23. లెక్క అంత కచ్చితంగా సరిపోయేసరికి నాస్తికులు కూడా కాసేపు ఆలోచనలో పడ్డారు. తెలంగాణలో 2019 జూన్‌లో కాంగ్రెసు ఎమ్మెల్యేలు 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 2023 డిసెంబరులో కాంగ్రెసు అధికారంలోకి వచ్చాక పదిమంది తమవాళ్లు అటు వెళ్లారని, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్ ఫిర్యాదు చేసింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న స్పీకర్‌కు ఆదేశం వచ్చింది. ఒక శాసనసభ్యుడు ఏ పార్టీలో ఉన్నాడో కనుక్కోవడానికి ఇంత యంత్రాంగం కావలసి వస్తోంది. అతనికి ఓటేసినవాడు ఏ పార్టీయో వీధి చివర కిరాణా కొట్టువాడిని అడిగితే చెబుతాడు.

నాయకుడు మారినప్పుడు చెప్పే కారణం నియోజకవర్గ అభివృద్ధి. కార్యకర్తల అభీష్టం మేరకే వెళ్తున్నానని కూడా అంటాడు, ఆ అభీష్టం సంగతి కార్యకర్తలకు మర్నాడు పేపర్లో తెలుస్తుంది. కండువా మారిన మొదటి సభ చూడదగ్గది. ముందు వరసలో కొత్తగా వచ్చినవాళ్లు కూర్చుంటారు. పాతికేళ్లుగా జెండా మోసినవాళ్లు వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో, అవి చాలకపోతే నిలబడి ఉంటారు. నిన్నటిదాకా తమ మీద కేసులు పెట్టించినవాడి మెడలో దండ వేసే బాధ్యత కూడా వాళ్లదే. పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ మధ్య సమన్వయ కమిటీ వేస్తారు. ఆ కమిటీ ఒక్కసారి కూర్చుని టిఫిన్ చేస్తుంది. విధేయుడు ఇంటికొచ్చి, పార్టీకి ఇది మంచిదే అంటాడు, గొంతులో కొంచెం జీరతో.

వంశాల సంగతి ఇంకా సున్నితం. రామారావు కుమార్తె దగ్గుబాటి పురందేశ్వరి కాంగ్రెసులో కేంద్రమంత్రిగా చేసి, తర్వాత ఆంధ్రప్రదేశ్ బీజేపీకి అధ్యక్షురాలయ్యారు. వైఎస్ రాజశేఖరరెడ్డి కుమారుడు ఒక పార్టీకి అధినేత, కుమార్తె షర్మిల 2024 జనవరి నుంచి ఆ రాష్ట్ర కాంగ్రెసుకు అధ్యక్షురాలు. ఒకే మనిషి బొమ్మ రెండు ఎదురెదురు ఫ్లెక్సీల మీద నవ్వుతుంటే, ఆ బొమ్మకే ఓటేస్తానని ఒట్టు పెట్టుకున్నవాడు రోడ్డు మధ్యలో ఆగిపోతాడు.

పార్టీ మారని ఓటరు కూడా రాజీ పడతాడు గానీ బయటికి చెప్పడు. అభ్యర్థి బొత్తిగా నచ్చకపోతే శాసనసభకు ఒకరికి, లోక్‌సభకు ఒకరికి వేసి రెండువైపులా సరిపెట్టుకుంటాడు. ఎదుటి పార్టీ ఇచ్చిన పథకం డబ్బు తీసుకుని, అది ప్రజల సొమ్మే కదా అని సమాధానం చెప్పుకుంటాడు. 2013లో నోటా వచ్చినప్పుడు కొందరికి ఆశ కలిగింది, కానీ విధేయుడికి అది గిట్టలేదు. ఎవరికీ వేయకపోతే పక్క పొలం వాడు గెలిచినట్టే కదా. నోటు ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకుని తన గుర్తుకే వేయడాన్ని మాత్రం ఇతను రాజీగా ఒప్పుకోడు, శత్రువు ఖర్చు పెంచడమంటాడు.

ఇంటి పెద్ద "మా ఇంట్లో ఆరు ఓట్లు" అని ఏజెంటుకు మాట ఇచ్చేస్తాడు. ఆ ఆరింటిలో నిజంగా అతని చేతిలో ఉన్నది ఒకటే. భార్య పుట్టింటి గుర్తుకు వేస్తుందో, గ్యాసు ఇచ్చినవాడికి వేస్తుందో, కొడుకు ఫోన్లో చూసిన కొత్త నాయకుడికి వేస్తాడో అట్టముక్క వెనక జరిగే పని. వేసిన ఓటు ఎటు పడిందో చూపించే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడిపోతుంది. వరండాలోకి వచ్చాక అందరూ ఒకే పార్టీ. చాలా ఇళ్లలో సంసారాలు ప్రశాంతంగా సాగడానికి ఎన్నికల సంఘం చేసిన మేలు ఇది. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల విషయంలో ఈ ప్రశాంతత తక్కువ. అక్కడ ఓటు లేదు కాబట్టి అభిప్రాయం దాచుకోవలసిన అవసరమూ లేదు, తానా సభలైనా పెళ్లి విందులైనా మొదటి అరగంటలోనే ఎవరెటో తేలిపోతుంది.

విధేయత, రాజీ రెండూ ఒకేచోట కలిసేది పంచాయతీ ఎన్నికల్లో. చట్టం ప్రకారం అవి పార్టీ రహితం. సైకిలు, ఫ్యాను, హస్తం, కారు, కమలం ఏవీ ఉండవు. ఉంగరం, కత్తెర, బ్యాటు, ఫుట్‌బాలు లాంటివి ఇస్తారు. పార్టీ లేని ఎన్నిక కాబట్టి విధేయుడికి విశ్రాంతి దొరకాలి. కానీ ఉంగరం ఏ పార్టీదో కత్తెర ఏ పార్టీదో నామినేషన్ల ఉపసంహరణ పూర్తికాకముందే ఊరికంతటికీ తెలుసు. ఒక్కోసారి రెండూ తన పార్టీవే అవుతాయి, ఒకటి ఎమ్మెల్యే మనిషిది, రెండోది ఎంపీ మనిషిది. తక్కిన ఎన్నికల్లో ఎటు వేయాలో ఎన్నడూ ఆలోచించనివాడు ఆ ఒక్క రాత్రీ నిద్రపోడు. ఏకగ్రీవం చేస్తే ప్రభుత్వం నజరానా ఇస్తుందని పెద్దమనుషులు రాజీకి కూర్చుంటారు, రాజీ కుదరదు. పోలింగు జరుగుతుంది, అదే రోజు మధ్యాహ్నం నుంచి లెక్కింపు, రాత్రికి ఊరేగింపు. మర్నాడు పత్రికల్లో పార్టీలవారీగా ఎవరికి ఎన్ని పంచాయతీలు వచ్చాయో అచ్చవుతుంది. రెండు ప్రధాన పార్టీలు చెప్పుకునే అంకెలు కలిపితే, రాష్ట్రంలో ఉన్న పంచాయతీల కంటే ఎక్కువ తేలడం మామూలే.